కిచెన్ నల్లా కొనే ముందు సింకు దగ్గర టేపు పట్టండి

మిర్యాలగూడలో మాది శానిటరీ, ప్లంబింగ్ సామాన్ల షాపు. కిచెన్ నల్లా కోసం వచ్చేవాళ్లు ముందుగా ఫోన్ తీస్తారు. అందులో ఎక్కడో చూసిన ఫొటో ఉంటుంది: పొడుగాటి వంపు మెడ, నలుపు రంగు, చివర పట్టుకుని లాగితే బయటికొచ్చే షవర్. "ఇదే కావాలన్నా" అంటారు. నేను అడిగేది వేరే ఫొటో. మీ ఇంట్లో సింకు, దాని వెనక గోడ, పైన కిటికీ, కింద తలుపు తీస్తే కనిపించే పైపులు. అవి చూడకుండా నల్లా అమ్మడమంటే కాలు చూడకుండా చెప్పు అమ్మడమే.

మొదట తేల్చుకోవాల్సింది నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయన్నది. గోడలో అర అంగుళం పాయింట్ ఉంటే మీకు కావాల్సింది గోడకు బిగించే సింక్ కాక్. సింకు అంచు మీదో గ్రానైట్ బండ మీదో రంధ్రం ఉండి, కింద యాంగిల్ కాక్ (నీళ్లు కట్టేసే చిన్న వాల్వు) నుంచి స్టీలు జాలీ పైపు పైకి వస్తుంటే అది టేబుల్ మౌంట్. ఒకదానికి చేసిన పాయింట్‌లో రెండోది పట్టదు. గోడ పాయింట్ ఉన్న ఇంట్లో టేబుల్ మౌంట్ పెట్టాలంటే టైల్స్ పగలగొట్టాలి, బండకు రంధ్రం కొట్టాలి, కింద కొత్త పైపు లాగాలి. నల్లా ధర కన్నా ఆ పనికే ఎక్కువవుతుంది.

ఇల్లు ఇప్పుడే కడుతున్నవాళ్లు ఏది పెట్టాలని అడిగితే నేను గోడ పాయింటే చెబుతాను. బండ మీద నల్లా మొదట్లో నీళ్లు నిలుస్తాయి, మన బోరు నీళ్లకు అక్కడ తెల్లటి వలయం కడుతుంది, దాన్ని గీకడం రోజూ పనే. గోడ నల్లా కింద ఒక్క గుడ్డ దెబ్బతో బండ శుభ్రమవుతుంది. కాకపోతే దీనికో లోటుంది. టేబుల్ మౌంట్‌కి కింద యాంగిల్ కాక్ ఉంటుంది కాబట్టి రిపేరు వస్తే దాన్ని కట్టేస్తే చాలు. గోడ నల్లాకి ఆ సదుపాయం ఉండదు. వాషర్ మార్చాలన్నా డాబా ఎక్కి ట్యాంకు వాల్వు కట్టేయాలి, ఇల్లంతా నీళ్లు ఆగిపోతాయి. అందుకే కిచెన్ లైనుకి విడిగా ఒక స్టాప్ కాక్ పెట్టించుకోండి. గోడకు టైల్స్ వేయకముందే ప్లంబర్‌కి చెప్పాల్సిన మాట ఇది.

ఇప్పుడు టేపు. గోడ నుంచి సింకు తొట్టి మధ్యకి ఎంత దూరమో కొలవండి. మన దగ్గర ఎక్కువగా పోయే సింకు 24 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు. గోడకూ సింకు తొట్టికీ మధ్య మూడంగుళాలు వదిలారనుకుందాం, తొట్టి లోపలి వెడల్పు 16 అనుకుందాం. మధ్య భాగం గోడకు 11 అంగుళాల దూరంలో ఉంటుంది. ఆరంగుళాల మెడ ఉన్న నల్లా బిగిస్తే ధార తొట్టి వెనక అంచుకు మూడంగుళాల్లో పడుతుంది. ప్లేటు కడుగుతుంటే చెయ్యి గోడకు తగులుతుంది, నీళ్లు ప్లేటు మీంచి జారి మీ పొట్ట మీదికి వస్తాయి. ఆ సింకుకి తొమ్మిది, పది అంగుళాల మెడ కావాలి. సరిగ్గా మధ్యలోనే పడాలని లేదు, తొట్టి అడుగున నీళ్లు పోయే జాలీకి కాస్త వెనగ్గా పడితే ఇంకా మంచిది. రెండు తొట్ల సింకయితే మెడ తిప్పినప్పుడు రెండింటిలోనూ ధార పడుతుందా అని షాపులోనే కాగితం మీద గీసి చూసుకోవచ్చు.

ఎత్తు సంగతి బిందె చెబుతుంది. మీ ఇంట్లో సింకులో పెట్టే పెద్ద గిన్నె ఏదో అదే కొలత. పండక్కి వాడే పది లీటర్ల కుక్కరా, ఇడ్లీ పాత్రా, నీళ్ల బిందా? దాన్ని సింకులో నిలబెట్టి, అంచు పైన ఎంత లేచిందో చూడండి. దానికి రెండంగుళాలు కలిపితే చాలు. సాధారణంగా సింకు అంచు నుంచి నల్లా మూతికి ఎనిమిది, తొమ్మిది అంగుళాలు ఉంటే అన్నీ పడతాయి. అడుగు దాటితే అందంగా కనిపిస్తుంది గానీ, అంత ఎత్తు నుంచి స్టీలు సింకులో పడే ధార చిందుతుంది, చప్పుడు కూడా ఎక్కువ. కింది అంతస్తులో ఫోర్సు బాగా ఉన్న ఇళ్లలో అయితే పక్కనున్న పోపు డబ్బా తడిసిపోతుంది.

కిటికీని మరవకండి. సింకు పైన లోపలికి తెరుచుకునే రెక్కల కిటికీ ఉంటే, బండ మీంచి హంస మెడలా వంపు తిరిగి లేచే స్వాన్ నెక్ నల్లా ఆ రెక్కకు అడ్డం వస్తుంది. కొన్నాక, బిగించాక, మొదటిసారి కిటికీ తీయబోయినప్పుడు గానీ చాలామందికి ఇది తెలియదు. రెక్క అడుగు అంచు నుంచి బండ దాకా ఎంతుందో కొలిచి రాసుకోండి. అలాగే పైన ప్లేట్ల స్టాండు ఉంటే దానికీ.

ఇక నీళ్లు. నా లెక్కలో నల్లాని ఎన్నుకునేది ఇవే, మనం కాదు. మా వైపు ఎక్కువ ఇళ్లలో రెండు రకాల నీళ్లు: వంటకీ తాగడానికీ మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు, మిగతా అన్నిటికీ బోరు నీళ్లు. హైదరాబాద్‌ అపార్ట్‌మెంట్లలోనూ అంతే, సింకు మీద మంజీరా లేదా కృష్ణా నల్లా ఒకటి, బోరు నల్లా ఒకటి ఉంటాయి. ఇలాంటి ఇంట్లో రెండిటికీ ఒకే ఖరీదైన మోడల్ కొనడం వృథా. గిన్నెలు తోమేది బోరు లైను మీద, కాబట్టి పొడుగు మెడ, మెడ తిరగడం, వాడకానికి ఆగే గట్టి బాడీ అక్కడ కావాలి. మంచినీళ్ల లైనుకి చిన్న బిబ్ కాక్, అంటే పొట్టి మూతి మామూలు నల్లా చాలు, ఒక మూలగా పెట్టించుకోవచ్చు.

బోరు నీళ్లు ఎంత గట్టివో తెలుసుకోవడానికి ఆర్వో మనిషి చూపించే టీడీఎస్ మీటర్ని నమ్ముకోవద్దు. అది నీళ్లలో కరిగిన అన్ని లవణాలనూ కలిపి చూపిస్తుంది. నల్లాని పాడుచేసేది అందులోని కాల్షియం, మెగ్నీషియం, అంటే కాఠిన్యం. నీటి పరీక్ష చేయిస్తే రిపోర్టులో "టోటల్ హార్డ్‌నెస్" అని విడిగా రాస్తారు. తాగే నీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అది లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా సరే అంటుంది. పరీక్ష లేకుండా చూడాలంటే, స్టీలు గ్లాసు మీద నాలుగు చుక్కలు బోరు నీళ్లు వేసి తుడవకుండా ఆరనివ్వండి. తెల్లటి మచ్చ గోరుతో గీకితే గానీ పోకపోతే మీవి గట్టి నీళ్లు. నల్గొండ జిల్లా అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, నల్లా మీద ఆ తెలుపు ఫ్లోరైడ్ వల్ల వచ్చేది కాదు. ఫ్లోరైడ్ కంటికి కనపడదు.

గట్టి నీళ్లున్న ఇంటికి మూడు వద్దంటాను. నలుపు రంగు వద్దు, ప్రతి చుక్కా ఆరి తెల్లగా కనిపిస్తుంది, తుడిచేవాళ్లు తుడిచి తుడిచి అలిసిపోతారు. లాగే షవర్ వద్దు, దాని సన్నని రంధ్రాలు సున్నం పట్టి పూడుకుపోతాయి, తర్వాత ధార పక్కలకు చిమ్ముతుంది. మూతిలో విప్పడానికి రాని జాలీ వద్దు. నల్లా మూతిలో ఉండే ఆ జాలీని ఎరేటర్ అంటారు. అది ధారలో గాలి కలిపి, చిందకుండా, మెత్తగా పడేట్టు చేస్తుంది. మంచిదే. కానీ ముందు మూసుకుపోయేదీ అదే, కాబట్టి చేత్తో గానీ చిన్న స్పానర్‌తో గానీ ఊడిరావాలి. కౌంటర్ మీదే ఊడదీసి చూపించమనండి.

తర్వాత ఫోర్సు. ట్యాంకు నల్లాకి ఎంత ఎత్తులో ఉంటే అంత. పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. ఒకటే అంతస్తు ఇల్లు, డాబా మీదే ట్యాంకు అంటే, నల్లాకీ ట్యాంకుకీ మధ్య తేడా పదడుగులే, అంటే 0.3 బార్. సింగిల్ లీవర్ మిక్సర్లు (వేడినీళ్లు, చన్నీళ్లు ఒకే పిడితో కలిపి ఇచ్చేవి), లాగే షవర్లు చాలావరకు కనీసం 0.5 బార్ ఉంటే గానీ సరిగ్గా పనిచేయవు. పెట్టె మీదో లోపలి కాగితం మీదో ఆ అంకె ఉంటుంది, చదవండి. మీ ఇంట్లో ఫోర్సు తెలియాలంటే ఇప్పుడున్న నల్లాని జాలీ తీసి పూర్తిగా తెరిచి, లీటరు సీసా ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. ఆరేడు సెకన్లయితే ఏ మోడలైనా పెట్టుకోవచ్చు. పదిహేను, ఇరవై పడితే మాత్రం మిక్సర్ ఆశ వదులుకుని, లోపల దారి వెడల్పుగా ఉన్న మామూలు సింక్ కాక్ తీసుకోండి. లేదా ముందు చిన్న ప్రెషర్ పంపు సంగతి చూసుకోండి. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు వాళ్లకి ఈ బాధ ఎక్కువ. కింది అంతస్తు వాళ్లకి దానికి రివర్స్.

మిక్సర్ అవసరమా? వేడినీళ్లు కిచెన్‌కి వస్తుంటే అవసరమే. నూనె జిడ్డు, నెయ్యి గిన్నెలు, చలికాలం పొద్దున పని, అన్నిటికీ హాయి. కానీ కిచెన్‌లో గీజర్ లేదు, పెట్టించే ఆలోచనా లేదు, అయినా మిక్సర్ కొంటామనేవాళ్లు వస్తారు. ఒక వైపు దారి మూసేసి, రెండింతల డబ్బు పెట్టి, సింక్ కాక్ చేసే పనే చేయిస్తారు. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ సింకు కింద పెట్టించుకుంటామంటే అప్పుడు తీసుకోండి. గోడ మిక్సర్‌కి వేడి, చన్నీళ్ల పాయింట్ల మధ్య దూరం 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు ఉండాలి. అరంగుళం అటూ ఇటూ అయితే మిక్సర్‌తో వచ్చే వంకర కాళ్లు సర్దుతాయి, అంతకు మించితే గోడ తవ్వాల్సిందే. బండ మీద పెట్టే మిక్సర్‌కి సాధారణంగా 35 మిల్లీమీటర్ల రంధ్రం. పాత నల్లా రంధ్రం చిన్నదైతే దాన్ని పెద్దది చేయించాలి, సింకు కొత్తదైతే రంధ్రంతో సహా వచ్చేది ఎంచుకోవచ్చు. ఇంకో సంగతి, గట్టి నీళ్లను వేడిచేస్తే సున్నం త్వరగా కడుతుంది, కాబట్టి మిక్సర్‌లో ముందు పాడయ్యేది వేడి వైపే.

షాపుకి వచ్చాక చేతిలోకి తీసుకోండి. ఒకే సైజు నల్లాలు రెండు చెరో చేతిలో పట్టుకుంటే ఇత్తడి ఏదో తెలిసిపోతుంది. తర్వాత వెనక్కి తిప్పి, పైపుకి బిగించే మర లోపలికి చూడండి. అక్కడ క్రోమ్ పూత సరిగ్గా ఎక్కదు. పచ్చగా ఉంటే ఇత్తడి. బూడిద రంగులో ఉంటే జింక్ కలిపిన చవక లోహం, మర రెండుసార్లు బిగిస్తే అరిగిపోతుంది. అయస్కాంతంతో పరీక్షిస్తానని ఒకాయన జేబులో పెట్టుకొచ్చాడు. అయస్కాంతానికి ఇత్తడీ అంటదు, జింకూ అంటదు, దాంతో ఈ రెండిటికీ తేడా తెలియదు. అడుగున బిగించే నట్టు ఇనుపదా కాదా అన్నది మాత్రం తెలుస్తుంది, తుప్పు పట్టేది అదే కాబట్టి అక్కడ పనికొస్తుంది. పెట్టె మీద ఐఎస్ఐ మార్కు, కింద ఐఎస్ 8931 అన్న అంకె చూడండి. ఇత్తడి లాంటి రాగి మిశ్రమంతో చేసే ఫ్యాన్సీ నల్లాలకు వర్తించే ప్రమాణం అది.

స్టీలు నల్లాలు కూడా మంచివే, 304 గ్రేడ్ అని రాసి ఉంటే. ప్లాస్టిక్ జాతి పీటీఎంటీ నల్లాలను చులకనగా చూడొద్దు. బోరు నీళ్ల ఉప్పుకి అవి తుప్పు పట్టవు, ధర తక్కువ. వెనక వరండాలో బట్టలు ఉతికే చోట, పెద్ద గిన్నెలు తోమే చోట అవే పెట్టించమంటాను. కిచెన్ లోపల మాత్రం పొడుగు మెడ రోజంతా అటూ ఇటూ తిప్పుతారు, ఆ బరువుకి ప్లాస్టిక్ మర నిలవదు.

లోపల ఏముందో అడగండి. పిడిని పావు చుట్టు తిప్పితే పూర్తిగా తెరుచుకునేది సిరామిక్ డిస్క్ నల్లా. రెండు గట్టి సిరామిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి జరిగి దారి తెరుస్తాయి, మూస్తాయి. పాతకాలపు రబ్బరు వాషర్ నల్లాలను మూసేటప్పుడు బలంగా తిప్పాలి. ఇది వేలితో తోస్తే చాలు. ఇంట్లో కీళ్లనొప్పులున్న అమ్మమ్మ ఉంటే, లేదా పిండి కలుపుతూ, చేపలు కడుగుతూ మణికట్టుతోనో మోచేత్తోనో నల్లా తిప్పే అలవాటుంటే, గుండ్రటి నాబ్ కాకుండా పొడుగు లీవర్ ఉన్నది తీసుకోండి. సబ్బు చేతులకు గుండ్రటిది జారుతుంది.

మెడని తిప్పి చూడండి. వెన్నలా ఇట్టే తిరిగిపోతే నాకు నచ్చదు, కాస్త బరువుగా, ఒకే తీరుగా తిరగాలి. పైకీ కిందికీ కదిలిస్తే టకటకమనకూడదు. ఆ కీలులో రబ్బరు ఓ రింగులు ఉంటాయి. కొన్నాళ్లకి మెడ మొదట్లోంచి నీళ్లు కారేది అవి అరిగే.

సిరామిక్ బిళ్లలుండే లోపలి భాగాన్ని కార్ట్రిడ్జ్ అంటారు. దాని గురించి షాపువాడిని ఇబ్బంది పెట్టే ప్రశ్న అడగండి: "దీని కార్ట్రిడ్జ్ విడిగా దొరుకుతుందా? ఎంత? ఇప్పుడు మీ దగ్గరుందా?" ఎన్నేళ్ల వారంటీ అని అడిగితే ఎవరైనా పెద్ద అంకె చెబుతారు. పేరున్న కంపెనీలు ఏడేళ్లు, పదేళ్లు ఇస్తాయి, నిజమే. కానీ కార్డు వెనక చదివితే గట్టి నీళ్ల వల్ల పట్టిన సున్నం, యాసిడ్ వల్ల పోయిన పూత అందులో చేరవని ఉంటుంది. ఆన్‌లైన్‌లో పేరు తెలియని మోడల్ చవగ్గా వచ్చిందని కొంటే, దాని లోపలి భాగం పాడైన రోజు నల్లా మొత్తం పారేయాల్సిందే. మా దగ్గరికి అలాంటివి పట్టుకొచ్చేవాళ్లకి సరిపోయే కార్ట్రిడ్జ్ ఎక్కడా దొరకదు.

డబ్బు విషయం. మామూలు ఇంటికి ఇత్తడి బాడీ, సిరామిక్ డిస్క్, తిరిగే పొడుగు మెడ ఉన్న గోడ సింక్ కాక్ వెయ్యి నుంచి రెండు వేల మధ్యలో మంచిదే వస్తుంది. మిక్సర్లు మూడు, నాలుగు వేల నుంచి మొదలై పైకి పోతాయి. పదివేల మిక్సర్ అమ్మితే నాకే లాభం, అయినా చెబుతున్నాను: మిగిలిన డబ్బు మంచి స్టాప్ కాక్ మీద, ట్యాంకు దగ్గర ఫిల్టర్ మీద పెట్టండి. ప్లంబర్ వెంట వచ్చి ఫలానాదే తీసుకోమని మరీ మరీ చెబితే, ఎందుకని అడగండి. "దీని స్పేర్లు దొరుకుతాయి" అంటే వినాల్సిన మాట. "అందరూ ఇదే తీసుకుంటున్నారు" అంటే వెనక కమీషన్ ఉండొచ్చు. అద్దె ఇల్లయితే ఇదంతా అక్కర్లేదు. పాత నల్లా మూతికి తగిలించే తిరిగే ఎరేటర్ ఒకటి కొనుక్కోండి, ఖాళీ చేసేటప్పుడు వెంట తీసుకెళ్లొచ్చు.

బిగించే రోజు మీరు దగ్గరుండండి. పాత నల్లా ఊడదీశాక, కొత్తది పెట్టకముందు, లైన్లోంచి ఒక బకెట్ నీళ్లు ఊరికే వదిలేయమనండి. బోరు ఇసుక, మరకు చుట్టిన పాత టేపు పీలికలు, పైపు కోసినప్పటి పొట్టు అన్నీ బయటికొస్తాయి. కొత్త సిరామిక్ బిళ్లల మధ్య ఒక ఇసుక రవ్వ ఇరుక్కుంటే మొదటి వారంలోనే చుక్కలు కారడం మొదలవుతుంది, నల్లా బాగోలేదని షాపుకి తెస్తారు. గోడలో ఉన్నది ఇత్తడి మర ఉన్న ఎల్బోనా (నల్లా బిగించే వంపు పైపు ముక్క) అని చూడండి. ఉత్త ప్లాస్టిక్ మరలో ఇత్తడి నల్లా బిగిస్తే ఏదో ఒక రోజు చీలుతుంది. ఆ ఎల్బో టైల్ కన్నా బాగా లోపలికి ఉంటే ఎక్స్‌టెన్షన్ నిపుల్, అంటే పొడవు పెంచే చిన్న మర ముక్క కావాలి. అది పది నిమిషాల పని, కానీ సామాను లేక రోజంతా ఆగిపోతుంది, కాబట్టి ముందే ఒకటి కొనిపెట్టుకోండి. పైపు రెంచి పళ్లు క్రోమ్ మీద పడకుండా గుడ్డ చుట్టి బిగించాలి. అయ్యాక నల్లా మొదట్లో పొడి కాగితం చుట్టి రాత్రంతా ఉంచండి, తడి ఉంటే పొద్దున్నే తెలుస్తుంది.

ఇత్తడిలో కొద్దిగా సీసం కలిసే అవకాశం ఉంది. అందుకే రాత్రంతా నల్లాలో నిలిచిన మొదటి గ్లాసుడు నీళ్లతో కాఫీ పెట్టకండి, మొక్కలకు పోయండి.

నెలకోసారి ఎరేటర్ విప్పి, వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి అరగంట నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్దితే సున్నం రాలిపోతుంది. విప్పడానికి రాకపోతే ఆ నీళ్లే చిన్న కవర్లో పోసి, నల్లా మూతికి రబ్బరు బ్యాండుతో కట్టండి. అరగంట దాటనివ్వకండి, తర్వాత మామూలు నీళ్లతో కడిగేయండి. స్టీలు పీచు, బాత్రూమ్ యాసిడ్ నల్లా దరిదాపుల్లోకి రానివ్వద్దు, క్రోమ్ ఒకసారి పోతే తిరిగి రాదు. పని చేసే ఆమెకి కూడా ఈ మాట చెప్పి ఉంచండి, ఎందుకంటే మీకన్నా నల్లాని ఎక్కువసేపు పట్టుకునేది ఆమే. కొన్న రోజే బిల్లునీ వారంటీ కార్డునీ షాపు ముద్రతో ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి, థర్మల్ కాగితం మీద అచ్చు ఏడాదికే వెలిసిపోతుంది. వాటితోపాటు మెడకి సరిపోయే ఓ రింగులు రెండు అడిగి తీసుకోండి. పది, ఇరవై రూపాయల వస్తువు, ఆదివారం సాయంత్రం కారడం మొదలైతే ఆ సైజు వెతకడం కష్టం.